నిఘంటువు మీద పడుకున్న నక్క

ఎర్రబోడు అడవికి తూర్పు అంచున, మనుషుల తోటలు మొదలయ్యే చోట ఒక కుంట ఉంది. దాని కట్ట ఎవరు వేయించారో చెప్పే రాయి ఏదీ దొరకలేదు. ఒక రాజు వేయించాడని కాకులు చెప్పుకుంటాయి. ఏ రాజు అని అడిగితే ఒక్కో కాకి ఒక్కో పేరు చెబుతుంది గనుక ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టడమే మేలు. నిశ్చయంగా తెలిసింది ఒక్కటే. ఆ ఏడు రోహిణి కార్తెలో వాగులన్నీ ఇసుకగా మారిపోయాక, అడవి మొత్తానికి నీరు మిగిలింది ఆ కుంటలోనే.

ఒకనాటి ఉదయం జంతువులు నీటికి వచ్చేసరికి కుంట చుట్టూ కంచె లేచి ఉంది. నాలుగు వరుసల సన్నని తీగ, రెండు బారలకు ఒక ఇనుప స్తంభం, అడవివైపు స్తంభానికి కొట్టిన ఒక రేకు బోర్డు. బోర్డు మీద ఎర్ర రంగులో ఒకే ఒక్క మాట మిగిలింది. దానికి పైనా కిందా ఉన్నదంతా తుప్పు తినేసింది.

ముంగిస ముందుగా వెళ్లి తీగకు ముక్కు ఆనించింది. మూడు జానల దూరం ఎగిరిపడింది. కాసేపటికి లేచి పుట్టలోకి వెళ్లిపోయింది. ఆ తరువాత తీగ దరిదాపులకు ఎవరూ పోలేదు. నీరు కళ్లెదుటే ఉంది. దాని వాసన ముక్కుకు తగులుతోంది. మధ్యలో ఆ తీగ, ఆ మాట.

"చదివేవాణ్ణి పిలవండి," అన్నాడు అడవిపంది బురదప్ప.

చదివేవాడు అంటే ఆ అడవిలో ఒక్కడే, కుంచెతోక అనే నక్క. దొరల కాలంలో విడిదిగా వాడి వదిలేసిన బంగళా ఒకటి అక్కడికి కోసెడు దూరంలో ఉంది. కప్పు కూలిన గదిలో, విరిగిన బీరువా కింద అతడు పుట్టాడు. ఆ బీరువాలో మిగిలిన ఒకే ఒక్క పుస్తకం ఇంగ్లీషు నిఘంటువు. మొదటి పుటలు, చివరి పుటలు చెదలు తిన్నాయి. ఏ ఏట అచ్చయిందో తేల్చే మార్గం లేదు. కుంచెతోక దాని మీదే పడుకుంటాడు. అతడికి నిజంగా చదవడం వచ్చా అన్న విషయంలో అడవిలో రెండు అభిప్రాయాలు ఉండేవి. రాదని నిరూపించాలంటే చదవడం వచ్చినవాడు ఇంకొకడు ఉండాలి. లేడు గనుక ఆ రెండో అభిప్రాయం నిలబడలేదు.

కుంచెతోక వచ్చి బోర్డు ముందు కూర్చుని, తల ఒక పక్కకు వంచి చూశాడు.

"చార్జ్," అన్నాడు.

"అంటే?" అన్నాడు బురదప్ప.

"అలా ఒక్క ముక్కలో అడిగితే ఎలా బావా? నా పుస్తకంలో ఈ ఒక్క మాటకే పుటన్నర పట్టింది. దీనికి అన్నదమ్ములున్నారు, దాయాదులున్నారు, వరసకు వచ్చేవాళ్లున్నారు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటిపేరు పెట్టుకునే మాట ఇది."

"దాని చుట్టరికాలు నాకెందుకు? నాకు నీళ్లు కావాలి."

"లాఠీచార్జి ఎప్పుడైనా చూశావా?"

బురదప్ప చెవులు వెనక్కి వాలాయి. పోయిన ఏడు తిరునాళ్ల పక్కనున్న చెరకుతోటలో దాక్కుని అతడు దాన్ని కళ్లారా చూశాడు. "చూశాను."

"అదే ఇది. మీద పడటం, ఎగబడటం, విరగబాదటం. తీగ ముట్టినవాడి మీద పడతారని."

"ఎవరు పడతారు?"

"అది రాయలేదు. అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి."

బురదప్ప నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. అతడు నిలబడిన చోటికి పొడమ్మ వచ్చింది. పొడమ్మ చుక్కల దుప్పి. ఆమె వెనకే పది రోజుల పిల్ల, సన్నని కాళ్ల మీద తూలుతూ వస్తోంది.

"మేము ఎవరి మీదా పడేవాళ్లం కాదు కదన్నా. మాకైనా దారి ఉందా?"

"ఆ మాటకు దాడి ఒక్కటే అర్థం అయితే నీకు ఉండేది చెల్లెమ్మా. చార్జిషీటు అనే మాట విన్నావు కదా. నేరం మోపడం, అభియోగం, ఫిర్యాదు. లోపల నీళ్లు తాగినవాళ్ల మీద నేరం మోపుతారని కూడా దీనికి అర్థం."

పొడమ్మ పిల్లను నెట్టుకుంటూ వెనక్కి జరిగింది. పోయిన చలికాలంలో అడవిలో ఏదో కేసు అయి, ఫారెస్టువాళ్లు జీపుల్లో నాలుగు రోజులు తిరిగారు. ఆ నాలుగు రోజులూ ఆమె గడ్డి ముట్టలేదు.

చివరగా మైలన్న వచ్చాడు. పన్నెండేళ్లు బండి లాగి, ముందుకాలు కుంటుపడ్డాక విడిచిపెడితే అడవి అంచుకు చేరుకున్న ముసలి ఎద్దు. మెడకు పాత పగ్గం ఇంకా అలాగే ఉంది. ఎనిమిది బారల తాడు. నడిస్తే పాములా వెనక ఈడ్చుకుంటూ వస్తుంది.

"చార్జీ అంటే నాకు తెలుసు," అన్నాడు మైలన్న. "బస్సు ఎక్కినవాళ్లు ఇచ్చేది."

"అదీ ఉందన్నా. రుసుము, కిరాయి, వెల. లోపలికి వెళ్లినవాళ్లు ఏదో ఒకటి ఇచ్చుకోవాలని. ఏమివ్వాలో రాయలేదు, అంతే."

మైలన్న తన కాళ్ల వైపు చూసుకున్నాడు, కంచె వైపు చూశాడు, వెళ్లి తుమ్మచెట్టు నీడలో పడుకున్నాడు.

ఆ రోజు గడిచింది. కాళ్లలో సత్తువ ఉన్నవి నీటి కోసం మూడు కొండల అవతలికి బయలుదేరాయి. సాయంత్రం తోటవాళ్లు రెండు కుక్కలతో వచ్చి, కంచె గేటు తీసి, మోటారు వేసుకుని వెళ్లారు. మర్నాటికి కుంటలో నీరు జానెడు తగ్గింది.

రెండో రోజు మధ్యాహ్నానికి పొడమ్మ పిల్ల లేచి నిలబడటం మానేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని, ఈగ వాలినా చెవి కదపడం లేదు. పాలు ఇద్దామంటే పొడమ్మ దగ్గర పాలు లేవు. ఆమె నీటి చుక్క తాగి రెండు రోజులైంది. పిల్లను వదిలి మూడు కొండలు దాటలేదు. పిల్లతో అసలే దాటలేదు.

అప్పుడు కుంచెతోక మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కుందేళ్లు కొండలు దాటిపోవడంతో అతడి పొట్ట వీపుకు అంటుకుంది.

"చెల్లెమ్మా, నిన్న నేను పుట మొత్తం చెప్పలేదు."

పొడమ్మ తల తిప్పింది.

"ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. ఒకరి సంరక్షణకు అప్పగించిన బిడ్డను కూడా ఆ మాటతోనే పిలుస్తారు. దాది చేతిలో బిడ్డను పెడితే ఆ బిడ్డ ఆ దాదికి చార్జ్."

"అయితే?"

"అయితే ఏముంది, ఆ బోర్డు చెప్పేది అదే. అప్పగించిన బిడ్డలకు లోపల చోటుంది. తల్లులకు లేదు. పిల్లను నాకు అప్పగించు. కడుపునిండా తాగించి తీసుకొస్తాను."

"తీగ?"

"అప్పగించిన బిడ్డకు తీగ అడ్డురాదు."

"నీకు?"

"సంరక్షకుణ్ణి కదా, నాకూ రాదు."

పొడమ్మ పిల్లను చూసింది. నక్కకు దుప్పి పిల్లను ఇవ్వరాదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. కాని ఇవ్వకపోతే సాయంత్రానికి ఏమవుతుందో కూడా ఎవరూ చెప్పనక్కర లేదు. మొదటిది అనుమానం, రెండోది ఖాయం. అలాంటప్పుడు తల్లి మనసు ఎటు మొగ్గుతుందో కుంచెతోకకు తెలుసు. అందుకే ఆమెను తొందరపెట్టలేదు.

"కుంచెతోకా," అన్నాడు తుమ్మచెట్టు కింద నుంచి మైలన్న. "నిన్న బురదప్పకు దాడి అన్నావు. ఈవిడకు నేరం అన్నావు. నాకు రుసుము అన్నావు. ఇవాళ బిడ్డ అంటున్నావు."

"నాలుగూ ఉన్నాయన్నా. ఒక్కటీ నేను కల్పించలేదు. కావాలంటే పుస్తకం ఈడ్చుకొస్తాను."

"తేనక్కర లేదు. పుస్తకాన్ని నేను కాదనను. ఒక మాట ఎన్ని పనులు చేయగలదో పుస్తకం చెబుతుంది. ఈ రేకు మీద ఏ పని చేస్తోందో రేకు కొట్టినవాడు చెప్పాలి. నాకు తోచింది ఒకటుంది. నువ్వు ఎవరికి ఏ భయం ఉందో చూసి, వాళ్లకు ఆ అర్థం ఇచ్చావు."

"అన్నకు ఎండ దెబ్బ తగిలింది," అన్నాడు కుంచెతోక.

"తగిలే ఉంటుంది. అయినా కళ్లు కనిపిస్తున్నాయి. ఆ రేకుకు కొట్టిన మేకులు రెండు. చిల్లులు ఆరు. మిగిలిన నాలుగు చిల్లుల అంచులు తుప్పు పట్టి అరిగిపోయాయి. అది ఇంకెక్కడో ఏళ్ల తరబడి వేలాడి ఇక్కడికి వచ్చిన రేకు. ఆ మాట ఈ కుంట కోసం రాసిందే కాకపోవచ్చు."

బురదప్ప పొదలోంచి లేచి వచ్చి బోర్డు వైపు చూశాడు. చిల్లులు ఆరూ ఉన్నాయి. "ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదు పెద్దయ్యా?"

"నిన్న రుసుము అనగానే, ఇవ్వడానికి నా దగ్గర ఏముందా అని వెతుక్కుంటూ ఉండిపోయాను. భయపడ్డవాడికి చిల్లులు కనబడవు."

"మీరు తేల్చేలోపు నా బిడ్డ ఉండదు," అంది పొడమ్మ. గొంతు పొడిబారి మాట చీలికలుగా వచ్చింది. "అర్థం ఏదైనా కానీ పెద్దయ్యా. ఈయన లోపలికి తీసుకెళతానంటున్నాడు. మీలో ఎవరైనా తీసుకెళతారా?"

బురదప్ప తీగ వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయితే ఇస్తాను," అంది.

కుంచెతోక లేచి నిలబడ్డాడు.

"ఇవ్వమ్మా," అన్నాడు మైలన్న. "నేను వద్దనను. ముందు రేవు పద్ధతి ఒక్కటి జరగనీ."

"రేవేమిటి?" అన్నాడు కుంచెతోక.

మైలన్న కుంటుతూ లేచి వచ్చాడు. "మేము వానాకాలం పది పన్నెండు బండ్లు వరసగా కట్టుకుని వాగులు దాటేవాళ్లం. బురద నీళ్లలో లోతు ఎక్కడుందో కనబడదు. ఒడ్డున నిలబడి ఇక్కడ రేవు ఉంది, దాటొచ్చు అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కాబట్టి మా బండ్లవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రేవు చెప్పినవాడే ముందు దిగాలి. మొదటి బండి ఎద్దు పగ్గం కొస పళ్లతో కరిచి పట్టుకుని దిగాలి. చేతులు రెండూ గడకర్రకు కావాలి గనుక తాడు పళ్లకే. అవతలి ఒడ్డు చేరి తాడు మూడుసార్లు లాగితే బండి కదులుతుంది. మధ్యలో తాడు వదిలితే అక్కడ రేవు లేదని అర్థం, బండ్లు వెనక్కి తిప్పుకోవడమే. మొదటి బండి ఎద్దును నేనే. పన్నెండేళ్లలో ఒక్క వాగులోనూ మునగలేదు."

"అది ఎడ్ల పద్ధతి. నేను చదువుకున్నవాణ్ణి."

"రేవు చెప్పినవాడివి కూడా."

"బిడ్డ లేకుండా నేనొక్కణ్ణే వెళితే ఆ అర్థం కుదరదన్నా. అప్పగించిన బిడ్డ వెంట ఉంటేనే దారి ఇస్తారు."

"అలాగా. మరి నీ మీసాలకు పచ్చగా పాచి అంటుకుని ఉంది. ఈ అడవిలో పాచి మిగిలింది ఆ కుంటలోనే. అది అంటుకున్నప్పుడు నీ వెంట ఏ బిడ్డ ఉంది?"

కుంచెతోక నాలుక తనకు తెలియకుండానే మీసాల మీదికి వెళ్లింది. సగంలో ఆగింది. బురదప్ప వచ్చి అతడి వెనక నిలబడ్డాడు. కోరలు తోకకు జానెడు దూరంలో ఉన్నాయి.

పొడమ్మ అంతవరకు పిల్ల మీద వంగి ఉన్న తల ఎత్తింది. "తాడు పట్టుకో అన్నా," అంది. "అవతలి నుంచి మూడుసార్లు లాగు. పిల్లను నేనే మోసుకొచ్చి నీ దారిలో దింపుతాను."

కుంచెతోక అందరి ముఖాలూ చూశాడు. కాదంటే చదువుకున్నవాడన్న పేరు పోతుంది, వెనక కోరలు ఉన్నాయి. అవునంటే తన దారి చూపించాలి. కాని దారి చూపించినంత మాత్రాన ఈ లావుపాటి పంది, ఈ ముసలి ఎద్దు అందులో పట్టరు. పట్టేది ఆ పిల్ల ఒక్కటే. ఆ లోపల దానికీ తనకూ మధ్య అడ్డు ఎవరూ ఉండరు. ఇంత ఆలోచన అతడు రెప్పపాటులో చేశాడు.

"చదువుకు ఇంత పరీక్ష పెట్టిన అడవి ఇదొక్కటే," అన్నాడు. వంగి పగ్గం కొస పళ్లతో అందుకున్నాడు. అందుకున్నాక ఇక మాట్లాడటానికి వీల్లేకపోయింది.

కంచె ముందుకు వెళతాడని అందరూ అనుకున్నారు. అతడు వెళ్లలేదు. కట్టను చుట్టి, వెనకవైపు దిగువన తుమ్మకంప గుట్టగా పెరిగిన చోటికి నడిచాడు. కంప కిందికి దూరాడు. మైలన్న కొమ్ములతో కంప పక్కకు తోసి చూశాడు. లోపల రెండు రాతి పలకల నడుమ పాత తూము నోరు ఉంది. తీగ కట్ట మీదనే ఉంది. తూము కట్ట కిందుగా లోపలికి పోతోంది. నోటి దగ్గర ఒండ్రు మేట వేసి సగానికి పైగా పూడింది. పైన మిగిలిన సందు నక్కకు సరిగ్గా సరిపోతుంది.

తాడు కదిలింది. ఒక బార లోపలికి పోయింది. రెండు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. మూడు, నాలుగు. పొడమ్మ పిల్ల మెడను నోటితో పట్టి, అడుగడుగునా దింపుతూ, కంప దాకా ఈడ్చుకొచ్చింది. పిల్ల కళ్లు ఇప్పుడు సగమే తెరిచి ఉన్నాయి. తోట వైపు ఎక్కడో కుక్క ఒకటి మొరిగింది. పొద్దు వాలుతోంది.

ఆరో బార దగ్గర తాడు ఆగింది.

మైలన్న మెడ బిగించి నిలబడ్డాడు. మొదటి లాగు కోసం చూశాడు. తాడు బిగువుగా లేదు, వదులుగానూ లేదు. నీటి మీద తేలుతున్న వస్తువులా మెల్లగా ఊగుతోంది.

అప్పుడు తూములోంచి గొంతు వచ్చింది. గుహలో పలికినట్టు గంభీరంగా, స్పష్టంగా వచ్చింది.

"చేరాను చెల్లెమ్మా. నీళ్లు చల్లగా ఉన్నాయి. నేను చెప్పిన అర్థమే నిజమైంది. పిల్లను పంపు."

పొడమ్మ పిల్లను తూము వైపు నెట్టబోయింది. మైలన్న తన కుంటికాలు అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. మాట వినబడిందంటే నోట్లో తాడు లేదు."

పొడమ్మ ఆగిపోయింది.

"మూడుసార్లు లాగి ఊరుకుని ఉంటే నేను కూడా నమ్మేవాణ్ణి," అన్నాడు మైలన్న. "వాడు అన్ని పనులూ మాటతోనే చేసుకుంటాడు. తాడుతో చేయాల్సిన పని కూడా మాటతోనే చేశాడు." తల వెనక్కి తిప్పి పగ్గం లాగాడు. తడిసిన కొస, పంటి గాట్లతో, ఏ బరువూ లేకుండా జారి వచ్చింది.

"చెల్లెమ్మా," అంది తూము. "ఆలస్యం చేస్తున్నావు."

"బురదప్పా," అన్నాడు మైలన్న నెమ్మదిగా. "తాడు మీద తడి ఎక్కడి నుంచి మొదలైందో చూడు. లోపలికి పోయిన ఆరు బారల్లో తడవనిది రెండు బారలు కూడా లేదు. అంటే నీరు ఈ మేట అవతలే నిలిచి ఉంది. మనం లోపలికి పోనక్కర లేదు."

బురదప్పకు రెండోసారి చెప్పవలసిన పని లేకపోయింది. ముట్టె ఒండ్రులో గుచ్చి కోరలతో ఎత్తి పోశాడు. మొదట ఎండిన పెళ్లలు, తరువాత నల్లని చెమ్మ, తరువాత ముట్టెకు అంటే జిగురు మట్టి. పలక కింద నుంచి వేలంత సన్నని ధార బయటికి వచ్చింది. మరో రెండు పోట్లకు మేట కూలింది. నీరు తూము నిండుగా దుమికి కంప కిందినుంచి పాత కాలువ గుంటలోకి పారింది.

పొడమ్మ పిల్ల ముఖాన్ని ఆ నీటిలో తడిపింది. పిల్ల మొదట తాగలేదు. ముక్కు మీదినుంచి నీరు కారి నోట్లోకి పోయింది. గొంతు ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది. ఆ తరువాత చెవి ఊపి, వాలిన ఈగను తోలింది. పొడమ్మ అప్పుడు తాను తాగడం మొదలుపెట్టింది.

లోపల కుంచెతోక తిరిగి వద్దామని తూములోకి తల పెట్టాడు. ఎదురు నీరు అతణ్ణి కుంటలోకి విసిరికొట్టింది. ఒడ్డు ఎక్కి చూస్తే నాలుగు పక్కలా తీగ.

"అన్నా," అని కట్ట మీదినుంచి పిలిచాడు. "కాసేపు నీళ్లు ఆపండి. నేను బయటికి రావాలి."

"పుటన్నర ఉంది కదా బావా," అన్నాడు బురదప్ప, నోటినిండా నీళ్లతో. "అందులో ఏదో ఒక దారి ఉంటుంది. వెతుక్కో."

గుంట నిండాక మైలన్న మేట మళ్లీ వేయమన్నాడు. రేపు కూడా నీళ్లు కావాలి. బురదప్ప ఈసారి పై సందు మిగలకుండా పలక దాకా మట్టి తోసి, ముట్టెతో గట్టిగా అదిమాడు.

"పెద్దయ్యా," అంది పొడమ్మ, "ఇంతకీ ఆ మాటకు అసలు అర్థం ఏమిటి?"

"తెలియదమ్మా," అన్నాడు మైలన్న. "ఎన్నడూ తెలియకపోవచ్చు."

తోట గేటు దగ్గర గొలుసు చప్పుడైంది. కుక్కలు రెండూ ఒకేసారి మొరిగాయి. కుంచెతోక పరుగున బోర్డు కిందికి చేరి, ఆఖరి ఆశగా తల ఎత్తి చూశాడు. అటువైపునుంచి చూస్తే రేకు మీద ఒక్క అక్షరం కూడా లేదు. ఆరు చిల్లులు, తుప్పు, అంతే.

ఆ తరువాత అతడు ఏమయ్యాడన్న దానిపై కాకులు రెండు కథలు చెబుతాయి. రెండింటినీ నమ్మడానికి ఆధారాలు చాలవు. బంగళాలో నిఘంటువు మాత్రం ఇప్పటికీ ఉందని, దాని మీద ఎవరూ పడుకోవడం లేదని ముంగిస చెప్పింది.

అర్థం చెప్పినవాడు ముందుగా తాను అందులో దిగి అవతలికి చేరేదాకా, ఆ అర్థాన్ని నమ్మి ఎవరూ తమ బిడ్డను పంపరాదు.